గట్టు మీద మామిడిపిందె

మా పిన్ని కొత్త వంటగట్టు మీద మొట్టమొదట పడ్డది పసుపు. పోపులడబ్బాలోంచి చిటికెడు జారి, అక్కడే ఉన్న తడిలో కలిసింది. పిన్ని గుడ్డ అందుకునేలోగా అది పసుపుగా లేదు. పెళ్ళికూతురి పాదాలకు పెట్టే పారాణి రంగుకు తిరిగింది. తెల్లసిమెంటులో చలువరాతి చిప్స్ కలిపి, ఎంతో ముచ్చటపడి పోయించుకున్న గట్టు అది. గృహప్రవేశమై పదిహేను రోజులైనా కాలేదు.

"ఏమే అమ్మాయ్, పత్రికల్లో రాస్తావుగా, ఇదేమిటో చెప్పు చూద్దాం" అన్నది పిన్ని నావంక తిరిగి.

చెప్పటానికి పెద్ద చదువేమీ అక్కరలేదు. పసుపులో సున్నం పడితే ఎరుపెక్కుతుందని తెలియని తెలుగు ఆడది ఉన్నదా? పారాణి అట్లాగే కలుపుతాం, దిష్టితీసే ఎర్రనీళ్ళూ అట్లాగే కలుపుతాం. సిమెంటు నీళ్ళు తాగి గట్టిపడేటప్పుడు దానిలో సున్నం పుడుతుంది. కొత్తగా పోసిన సిమెంటు దిమ్మ అంటే లోపలంతా సున్నపుతేటలో నానుతున్న దిమ్మ. దానిమీద తడిపసుపు పడితే పారాణి కాక మరేమవుతుంది?

ఆ మరక మాత్రం ఎక్కువ రోజులు బాధపెట్టలేదు. కిటికీ పక్కన పడింది గనుక నాలుగు రోజుల ఎండకు వెలిసిపోయింది. పసుపు మరకకు ఎండను మించిన మందు లేదు. అసలు కష్టం ఆ తరువాత వచ్చింది, ఆవకాయతో.

పిన్నివాళ్ళ తోట నూజివీడుకు పది కిలోమీటర్లు. 2022 దాకా నూజివీడు కృష్ణాజిల్లాలో ఉండేది, ఆ ఏడు ఏలూరు జిల్లాలో చేరింది. జిల్లా మారినా చిన్నరసాల తీపి మాత్రం మారలేదు. ఆ ఎర్రనేలల్లో రసాలు, బంగినపల్లి, తోతాపురి వరసలు వరసలుగా ఉంటాయి. ప్రతి తోటలోనూ ఒక మూల ఇంటి ఖర్చుకని పులుపు చెట్లు నాలుగుంటాయి. మే నెలలో ఆ కాయలు దిగితే ఇంట్లో మిగతా పనులన్నీ పక్కకు తప్పుకోవలసిందే.

ఆ ఏడు పిన్ని ముక్కలు కొట్టించి, జీడి తీసి, తుడిచి, కొత్తగట్టు మీద పరిచింది. చల్లగా, నున్నగా, విశాలంగా ఉన్నదని మురిసిపోయింది కూడాను. సాయంత్రం ముక్కలు జాడీలోకి ఎత్తాక చూస్తే, గట్టు నిండా మసకమసకగా అచ్చులు. ఎక్కడ ముక్క కోసినవైపు ఆనిందో అక్కడ మెరుపు పోయింది. వేలితో రాస్తే గరుకు. కడిగితే పోలేదు, తోమితే పోలేదు, పీచుతో రుద్దితే ఇంకా స్పష్టంగా కనిపించింది. మరకైతే పోయేది. అది మరక కాదు. రాయే పోయింది.

చలువరాయి కఠినమైనదని మనకొక భ్రమ. నిజానికి చలువరాయి, నాపరాయి, సున్నపురాయి ఒకే కుటుంబం. పల్నాటి సున్నపురాతిలోనే అమరావతి శిల్పులు ఆ స్తూపం బొమ్మలు చెక్కారు. ఆ చుట్టుపక్కలవాళ్ళు తరువాతి రోజుల్లో ఎన్నో శిల్పాలను కాల్చి సున్నం చేసుకున్నారు. పల్నాటి సున్నపురాతితోనే ఈనాటికీ సిమెంటు తయారవుతున్నది. ఈ కుటుంబానికంతటికీ పులుపు పడదు. పచ్చిమామిడిలో పులుపు ముఖ్యంగా సిట్రిక్ ఆమ్లం, మాలిక్ ఆమ్లం. అది సున్నపురాతిని తాకగానే రాయి కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. నిమ్మకాయా అంతే, చింతపండూ అంతే. అంటే పులుపు లేనిదే ముద్ద దిగని ఇంట్లో, పులుపుకు కరిగే గట్టు కట్టించుకున్నది మా పిన్ని.

"గ్రానైటు బండ వేయించుకుంటే పోయేదిగా" అన్నారు బాబాయిగారు. ఆయన మాట సబబే. చీమకుర్తి నల్లరాయి ప్రపంచమంతా ఎగుమతి అవుతున్నది. నిమ్మకాయ పిండినా, మామిడికాయ తరిగినా దానికి చీమకుట్టినట్టైనా ఉండదు. కాని పిన్నికి బండ అక్కరలేదు. ఆమెకు కావలసింది వేరే ఉన్నది. అది గోనెసంచిలో చుట్టి ధాన్యం గదిలో పెట్టి ఉన్నది.

పిన్ని అత్తవారి పాత డాబాలో హాలంతా మొజాయిక్ నేల. ఆమె మామగారు 1960లలో వేయించారు. హాలు నడుమ నల్లటి వలయం, అందులో నాలుగు మామిడిపిందెలు ఎదురెదురుగా, ఆకుపచ్చ చిప్స్‌తో పిందె, పసుపుపచ్చ చిప్స్‌తో అంచు. పిన్ని కొత్తకోడలుగా వచ్చి మొదట తలవంచుకుని చూసింది ఆ పిందెలనేనట. "ఎవరి ముఖమూ చూడలేదే, గంటసేపు ఆ పిందెలే చూశాను" అంటుంది. అన్నదమ్ముల పంపకాలైనాక ఆ ఇల్లు పడగొట్టారు. నేల పగలకొట్టేటప్పుడు పిన్ని దగ్గర నిలబడి బతిమాలగా, నాలుగింటిలో ఒక్క పిందె మాత్రం విరగకుండా జానెడు పలకగా ఊడివచ్చింది. అది తన వంటగట్టులో పొదిగించాలని ఆమె కోరిక. మొదటి గట్టు పోసినవాళ్ళు "అది పాతదండీ, అతకదు" అని తేల్చేసి, తమకు తోచిన చిప్స్ పోసి పోయారు.

మన ఇళ్ళలో మొజాయిక్ అని పిలిచేది, నిజానికి ఇటలీవారు టెరాజో అనే పని. రాతి చిప్స్‌ను సిమెంటుతో కలిపి పోసి, గట్టిపడ్డాక సాన పట్టడం. అసలు మొజాయిక్ అంటే రంగురాళ్ళ ముక్కలు ఒక్కొక్కటే పేర్చి బొమ్మ తీర్చడం. వెనిస్ నగరంలో మేడలు కట్టగా మిగిలిన చలువరాతి ముక్కలను పనివాళ్ళు తమ ఇళ్ళకు పట్టుకుపోయి మట్టిలో గుచ్చుకున్నారనీ, మేకపాలు పోసి రుద్దితే నిగనిగలాడాయనీ చెబుతారు. ఆ ప్రాంతంలోనే స్పిలింబెర్గో అనే ఊళ్ళో 1922లో మొజాయిక్ పని నేర్పటానికే ఒక బడి పెట్టారు. అది ఇప్పటికీ నడుస్తున్నది. సిమెంటును నేలమీంచి వంటగట్టు ఎక్కించిన ఘనత మాత్రం ఈ కాలపువారిది. అమెరికాలో, కాలిఫోర్నియాలో ఫూ టుంగ్ చెంగ్ అనే ఆయన 1985లో సిమెంటు కాంక్రీటుతో వంటగట్టు పోశాడు. 2002లో దాని మీద పుస్తకం రాస్తే అక్కడి గృహస్థులు సొంతంగా పోసుకోవటం మొదలుపెట్టారు. మన మేస్త్రీలు నవ్వుతారేమో. వాళ్ళు తాతల నాటినుంచీ పోస్తున్నదేగా!

అటువంటి మేస్త్రి ఒకాయనను బాబాయిగారు మరుసటి సంక్రాంతికి వెతికి పట్టుకువచ్చారు. డెబ్బై దాటిన మనిషి. మొజాయిక్ నేలలు పోయి టైల్స్ వచ్చాక పని మానుకుని మనవలతో కాలక్షేపం చేస్తున్నాడు. వచ్చి పాతగట్టు చూశాడు, మాట్లాడలేదు. గోనెసంచి విప్పి పిందె చూశాడు. చొంగకార్చినట్టుగా చూశాడంటే తప్పేమీ లేదు.

"ఈ చేతిపని ఎవరిదో గాని అమ్మగారూ, అంచు ఎక్కడా చెదరలేదు. కాని ఇదీ చలువరాయేనండి. దీనిమీద మామిడికాయ పెడితే మళ్ళీ మీరు నన్నే తిడతారు."

"తిట్టను గాని, నువ్వు ఏదో ఒక దారి చెప్పవయ్యా మేస్త్రీ" అన్నది పిన్ని.

మేస్త్రి చెప్పిన దారి ఇది. గట్టు రెండు పాళ్ళు చేయాలి. కుళాయి పక్కన, పొయ్యి పక్కన, అంటే తరిగేచోట, రుబ్బేచోట, పులుపుకు లొంగని రాయి. కిటికీ దగ్గర కొసన, బియ్యం, పప్పు ఏరుకునే పొడిచోట, పిందె. రెండింటికీ నడుమ ఇత్తడి పట్టీ ఒకటి. ఇటువైపు గట్టు తొట్టివైపుకు పిసరంత వాలు. చింతపండు పులుసు ఒలికినా అటు పోవాలిగాని ఇటు రాకూడదు.

పులుపుకు లొంగని రాయి ఏది? దీనికి మేస్త్రి చేసే పరీక్షలు రెండు. మీరూ చేయవచ్చు. మొదటిది కత్తిమొనతో గీయడం. చలువరాయి మీద తెల్లని గీత పడి పొడి రాలుతుంది. పలుగురాయి మీద పడదు, ఇంకా చెప్పాలంటే కత్తే అరుగుతుంది. రెండవది, రాలిన పొడిమీద నిమ్మరసం చుక్క వేయడం. సన్నని బుడగలు లేస్తే అది సున్నపు కుటుంబమే. ఊరుకుంటే ఏ భయమూ లేదు. కొట్లో అమ్మేవాడు ఏ పేరు చెప్పినా సరే, ఈ రెండూ చేయకుండా చిప్స్ బస్తా కొనవద్దని నా మాట.

పిన్నికి రాళ్ళు కొనవలసిన పనే లేకపోయింది. ఇల్లు కట్టేటప్పుడు కృష్ణ ఇసుక జల్లెడ పడితే మిగిలిన గులకరాళ్ళ కుప్ప పెరట్లో అట్లాగే ఉన్నది. పిల్లలూ, నేనూ కూర్చుని రెండు రోజులు ఏరాం. తెల్లని పలుగురాళ్ళు, తేనెరంగువి, గులాబివి, ఇటుకరంగువి. కడిగితే అందగిస్తాయి, ఆరితే మళ్ళీ బూడిదరంగు. కృష్ణ ఒడ్డు గులకల్లోనే ఒకప్పుడు కొల్లూరులోనూ, పరిటాలలోనూ వజ్రాలు ఏరారు. మా కుప్పలో వజ్రం లేదు. ఉన్నా మేం పోల్చుకుని ఉండం. వీటికి తోడు గ్రానైటు కోసే చోటినుంచి నల్లని చిప్స్ ఒక బస్తా వచ్చింది.

ఏరిన వాటిలో చెకుముకిరాళ్ళ జాతివి మేస్త్రి చాలామటుకు పక్కన పడేశాడు. "ఇవి సిమెంటులో కొన్నాళ్ళకు ఉబ్బుతాయండి, పెచ్చు లేస్తుంది" అన్నాడు. అనుభవంకొద్దీ అన్నమాట గాని దీని వెనుక పెద్ద చరిత్రే ఉన్నది. కాలిఫోర్నియాలో వంతెనలూ, రోడ్లూ కారణం తెలియకుండా బీటలు వేస్తుంటే, 1940లో థామస్ స్టాంటన్ అనే ఇంజనీరు దీన్ని కనిపెట్టాడు. కొన్ని జాతుల చెకుముకిరాయి సిమెంటులోని క్షారంతో కలిసి జిగురులాంటి పదార్థమై, తేమ పీల్చి ఉబ్బుతుంది. దానికి విరుగుడుగా బొగ్గుబూడిద కలిసిన సిమెంటు పనికివస్తుంది. ఇప్పుడు కొట్లల్లో పొజొలానా సిమెంటు పేరుతో దొరికేది చాలామటుకు అదే. మేస్త్రి అదే తెప్పించాడు. తెల్లసిమెంటు కావాలని పిన్ని పట్టుపట్టింది గాని ఆయన ఒప్పుకోలేదు. "తెలుపు మీద పసుపు కనపడుతుందమ్మా. బూడిదరంగులో రాయి కనపడుతుంది" అన్నాడు.

ఇక పని. ఎనిమిదడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, పొరలన్నీ కలిపి రెండంగుళాల మందం. లెక్కకట్టి చూస్తే 180 కిలోల బరువు. ఇది చెక్క అలమారు మీద నిలిచేది కాదు, కింద ఇటుకగోడలు ఉండాలి. నేలనుంచి ఎత్తు పిన్నికి సరిపోయేటట్టు 32 అంగుళాలు. పాతగట్టు ఆమె ఎత్తుకు ఎక్కువై, కూర కలిపేటప్పుడు భుజం లాగేదట. ఎత్తు మాత్రం వండే మనిషిని నిలబెట్టి కొలవాలి, కట్టించే మనిషిని కాదు.

అడుగున సన్నకంకరతో కాంక్రీటు పోసి, లోపల అరడుగు ఎడంతో సన్నచువ్వలు అల్లాడు. మరునాడు, అది గట్టిపడుతూ ఇంకా పచ్చిగా ఉండగానే, పైపొర ముప్పావు అంగుళం. అసలు విద్యంతా ఈ పొరలో ఉన్నది. గులకలను ముందురోజే నానబెట్టాడు. పొడిరాయి సిమెంటులోని నీళ్ళు పీల్చేస్తుంది, ఆ తరువాత పట్టు ఉండదు. నీళ్ళు కొలిచి పోశాడు. 50 కిలోల బస్తాకు 22 లీటర్లు దాటకూడదన్నాడు. నీళ్ళు ఎక్కువైతే కలపటం సులువు, కాని ఆ నీళ్ళు ఆరినచోటల్లా సన్నరంధ్రం మిగులుతుంది. రేపు ఆ రంధ్రంలోకే నూనె, కారం దిగుతాయి. పెద్దగులకలను ఒక్కొక్కటే చేత్తో నొక్కాడు. సందుల్లో చిన్నవి, వాటి సందుల్లో నల్ల చిప్స్. "సిమెంటు ఎంత తక్కువ కనపడితే అంత మంచిదండి. రాయికి పులుపు ఎక్కదు గాని సిమెంటుకు ఎక్కుతుంది" అన్నాడు తలెత్తకుండా. రాతి నడుమ రాయి ఇరికించి, తాపీతో తట్టి తట్టి, పైకి తేలిన సిమెంటు పాలు తీసేశాడు. ఆ ఒక్క పొరకు పొద్దున మొదలుపెట్టి దీపాలవేళ దాకా పట్టింది.

పిందెను చివరకు దించాడు. అడుగున అంటుకుని ఉన్న పాతసున్నం అంతా ఉలితో చెక్కి, పలుచన చేసి, చుట్టూ పచ్చి సిమెంటు పూసి కూర్చోబెట్టాడు. పిన్ని గుమ్మంలో నిలబడి ఊపిరి బిగబట్టి చూసింది. పలక మీద తాపీపిడితో తట్టినప్పుడల్లా ఆమె చేయి గుమ్మాన్ని పట్టుకోవటం నేను గమనించాను.

తరువాత వారం రోజులు ఎవరూ గట్టును ముట్టుకోలేదు. తడిగోనెలు కప్పి పూటకు రెండుసార్లు నీళ్ళు చల్లటం బాబాయిగారి వంతు. తోటలు పూతమీద ఉన్న రోజులు. మంచు పడుతున్నది, ఎండ తీక్షణంగా లేదు. మొదటిగట్టు నడివేసవిలో పోసి మూడోనాడే గోనెలు తీసేశారు. సిమెంటు ఆరి గట్టిపడదు, నీళ్ళు తాగి గట్టిపడుతుంది. ఈ ముక్క చెప్పని మేస్త్రి ఉండడు, వినే యజమానీ ఉండడు.

ఆ తరువాత సాన. చలువరాయి అయితే ఒకపూటలో నున్నబడును. పలుగురాయి నాలుగు రోజులు తిన్నది. ముందు 60 నంబరు రాయి, తరువాత 120, ఆఖరున 320. మొదటి సాన కాగానే సన్నరంధ్రాలన్నిటికీ సిమెంటు పాలు పట్టించి మళ్ళీ వారం తడిపాడు. పైన బూడిదరంగుగా ఉన్న గులక సగం అరిగేసరికి, లోపల వలయాలు వలయాలుగా తేనెరంగు చారలు బయటపడ్డాయి. పిల్లలు పాఠాలు మానుకుని అక్కడే కూర్చున్నారు.

ఈ సాన విషయంలో ఒక్కటి గట్టిగా చెప్పాలి. నీళ్ళు పోస్తూనే సాన పట్టాలి. పొడిగా పడితే పని తొందరగా అవుతుందని కొందరు మిషనుతో పొడిగానే కోస్తారు. గది తెల్లగా నిండిపోతుంది. ఆ పలుగురాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది, వస్తే పోయేది కాదు. పలుగుపొడిని రెసిన్‌తో అచ్చుపోసి అమ్ముతున్న బండలను కోసే కుర్రవాళ్ళు ఈ జబ్బు పాలవుతున్నారని ఆస్ట్రేలియా ప్రభుత్వం 2024 జులై 1 నుంచి ఆ బండలనే నిషేధించింది. ఇది విన్నప్పుడు మా మేస్త్రి తన జతపనివాళ్ళు ఇద్దరి సంగతి చెప్పాడు. దగ్గుతో పోయారట. "అప్పుడు క్షయ అనుకున్నామండి" అన్నాడు. నీళ్ళబకెట్టు దగ్గరకు లాక్కుని మళ్ళీ పనిలో పడ్డాడు. మీ ఇంట్లో ఎవరైనా రాయి కోస్తుంటే, కాఫీ ఇవ్వటం ఎంత మర్యాదో నీళ్ళు పోయమని అడగటమూ అంత మర్యాద.

28 రోజులు నిండాక రంధ్రాలు పూడ్చే ద్రావకం రెండు పూతలు వేశారు. ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ వేసుకోవాలి. గట్టుమీద నీటిచుక్క ముత్యంలా నిలవక ఇంకిపోతున్నదంటే వేళ అయిందన్నమాట. వేడి గిన్నెకు కుదురు పెట్టాలి. కడగటానికి సబ్బునీళ్ళు చాలు. నేల కడిగే యాసిడ్ మాత్రం ఆ గది గుమ్మం కూడా తొక్కకూడదు. మొజాయిక్ నేలలు మసకబారటానికి సగం కారణం ఆ సీసాయే.

పిన్ని చిటికెడు పసుపు తడిపి వేసి చూసింది. పసుపు పసుపుగానే ఉన్నది.

మొన్న వేసవిలో ఆవకాయకు నేనూ వెళ్ళాను. కుళాయివైపు ముక్కలు, కారం, ఆవపిండి, నువ్వులనూనె. పిన్ని చీరచెంగు దోపుకుని, ఎక్కడ ఒలికితే అక్కడ గుడ్డతో తుడుస్తూ, ఎవరినీ దగ్గరకు రానివ్వలేదు. సాయంత్రం తుడిచాక పలుగురాళ్ళు ఎట్లా ఉన్నవి అట్లాగే ఉన్నాయి. అక్కడక్కడ సిమెంటు గీతలు కొంచెం వెలిశాయి, వెతికితే తప్ప కనపడవు.

కనపడ్డది వేరే. పిన్ని మనవరాలు, అయిదేళ్ళది, ఉప్పూకారం అద్దుకున్న మామిడిముక్క సగం తిని, మిగతాసగం భద్రంగా ఇత్తడి పట్టీకి అవతల, సరిగ్గా పిందె కొసమీద పెట్టి ఆటకు పోయింది. మేం చూసేసరికి గంట దాటింది. ముక్క తీస్తే కింద రూపాయి బిళ్ళంత మసక. ఆకుపచ్చ చిప్స్ రెండింటి మెరుపు పోయింది.

ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. పిల్ల తలుపుచాటున నిలబడ్డది. పిన్ని కళ్ళజోడు పెట్టుకుని, వంగి, వేలితో రాసి చూసి, బాబాయిగారిచేత మేస్త్రికి ఫోను చేయించింది.

ఆయన సాయంత్రం వచ్చి చూశాడు. "పై మెరుపేనండి పోయింది. తొలకరి పడ్డాక 320 రాయి పట్టుకొస్తాను, గంట పని" అన్నాడు.

"రాకపోతే మాత్రం ఊరుకోను" అని, పిన్ని ఆయనకు చిన్న జాడీడు ఆవకాయ కట్టి ఇచ్చింది. మూడోనాడు కలిపిగాని తినవద్దని చెప్పి మరీ పంపింది.